గంగాధర బిగించిన పొగగొట్టం

గంగాధరకు దగ్గు రాకముందే మాట తగ్గింది. దాన్ని మొదట కనిపెట్టింది ఆయన భార్య ఆదిలక్ష్మి.

పెనుకొండలో కొండకింద వాళ్ళ ఇల్లు. ఇంటికి ఆనుకొని మూడు గోడల రేకుల షెడ్డు, అందులో వెల్డింగ్ మిషను. గేటు చేయించుకోవడానికి వచ్చిన రైతుతో వాన సంగతి, శెనక్కాయ సంగతి, వాళ్ళ ఊరి తిరునాళ పరస సంగతి మాట్లాడితే గాని గంగాధర టేపు చేతికి తీసుకునేవాడు కాదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి "ఎన్నడుగులు?" అని మాత్రం అడిగి ఊరుకోవడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, ఎవరిమీదన్నా కోపమా?" అంది ఆదిలక్ష్మి.

"కోపం ఏం లేదు. గాలి సాలదు."

"కొండగాలంతా మనింటి మీదికే తోల్తాంటే, నీకు సాలలేదా" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు ఆమెకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

గంగాధరది రొద్దం దగ్గర ఒక పల్లె. నాయన కూలి చేసేవాడు. శెనక్కాయ వరసగా రెండేండ్లు ఎండిపోయినప్పుడు, ఇరవై ఏండ్ల వయసులో హిందూపురం పోయి లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు నేర్చుకున్నాడు. ఇప్పుడు నలభై ఎనిమిది. రొద్దం మొదలు కనగానపల్లి దాకా బస్సులో పోతే, రోడ్డు పక్క ఇండ్లకు ఆయన చేసిన గేట్లు కనబడతాయి. ప్రతి గేటు నడుమ ఒక చిన్న గద ఉంటుంది. ఎవరూ అడగకపోయినా పెడతాడు. "ఆంజనేయస్వామి కాపలా ఉంటాడు, ఊరికే" అంటాడు.

వెల్డింగు పనివాళ్ళకు ఆ పక్క ఒక అలవాటు ఉంది. సాయంత్రం పని ముగించగానే బెల్లం తింటారు. గొంతులో పట్టిన పొగను బెల్లం కడుపులోకి దించేస్తుందని నమ్మకం. ఆదిలక్ష్మి హిందూపురం నుంచి అచ్చుబెల్లం తెప్పించి, రోజూ నిమ్మకాయంత ముక్క ఆయన చేతిలో పెట్టేది. పొద్దున మాత్రం తువ్వాలు తడిపి, పిండి, ఆయన ముక్కుకు అడ్డంగా తానే ముడి వేసేది. ఇరవై రెండేండ్లుగా ఆ ముడి ఆమెదే.

దగ్గు మొదలయ్యాక ఇద్దరూ హిందూపురం పోయారు. ఛాతీ డాక్టరు ఫొటో తీయించి, వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"పొగలో పని మానెయ్యి గంగాధరా."

"మానేస్తే ఇంగేం చేసేది సార్? ఇదొక్కటే వచ్చేది నాకు."

"అట్లయితే పొగ నీ దగ్గరికి రాకుండా చూసుకో. బెల్లం గొంతుకు మంచిదే. ఊపిరితిత్తుల్లోకి బెల్లం పోదు."

తిరుగు బస్సులో గంగాధర కిటికీ రేకుమీద వేలితో ఏవో గీతలు గీస్తూ కూర్చున్నాడు. పెనుకొండలో దిగుతూ, "పొగను లాగే మిషను చేస్తా" అన్నాడు.

ధర్మవరంలో ఒక పెద్దింటికి గ్రిల్లు బిగించినప్పుడు వాళ్ళ వంటింట్లో పొయ్యిమీద చిమ్నీ చూసి ఉన్నాడు. పోపు పొగంతా గిరగిరా పైకి పోతుంటే, ఆ ఇంటావిడ దగ్గకుండా నిలబడి వంట చేస్తోంది. అది ఆయన కంట్లో నిలిచిపోయింది.

ఇక సామాను వెతుకులాట. బస్టాండు దగ్గర హోటలు నడిపే లక్ష్మన్న, మూలన పడేసిన పెద్ద ఎగ్జాస్టు ఫ్యాను చూపించి, "ఊరికే తీసకపో అప్పా. నువ్వు చేసిన గేటు లోపలే నేను పదేండ్లుగా నిద్రపోతాండా" అన్నాడు. ఫ్యాను రెక్కలకు పట్టిన నూనె మడ్డిని ఆదిలక్ష్మి రెండు రోజులు కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. ధర్మవరంలో పట్టుకు రంగులద్దే షెడ్డు నడిపే సుశీలమ్మ, కొత్తది వేయించుకున్నందున తీసేసిన పాత రేకు గొట్టం ఇచ్చింది. తొమ్మిదడుగుల గొట్టాన్ని బస్సులోకి ఎక్కిస్తే కండక్టరు ముందు కసురుకున్నాడు. గంగాధర ఆయాసం చూశాక తానే ఒక కొస పట్టుకొని, మలుపు మలుపుకూ "నీ గొట్టం భద్రం పెద్దాయనా" అని అందరినీ నవ్వించాడు.

నీళ్ళ డ్రమ్మును నిలువునా కోసి, సాగగొట్టి, గొడుగులా వంచాడు. దాన్ని పనిచేసే చోటికి సరిగ్గా పైన, కూర్చుంటే తలకు రెండడుగుల ఎత్తులో గొలుసులతో వేలాడదీశాడు. దాని మీద గొట్టం, గొట్టం చివర ఫ్యాను. అతుకులకు సైకిలు ట్యూబు చుట్టాడు. పొగ బయటికి పోయే కొసను మొదట తూర్పుకు పెట్టి, మళ్ళీ పీకేశాడు. తూర్పున పక్కింటి యల్లక్క మిద్దెమీద చింతపండు ఎండబెట్టుకుంటుంది. పడమరకు పెడితే బడిపిల్లలు నడిచే దారి. చివరికి వంపు గొట్టం వేసి కొండ వైపు తిప్పాడు. ఎవరి ముక్కుకూ పొగ తగలకూడదని అంత ఆలోచించాడు ఆయన.

ఎదురు షెడ్డులో ట్రాక్టరు ట్రాలీలు చేసే కిషోర్ రోడ్డు దాటి వచ్చి చూశాడు. ముప్పై ఐదేండ్ల వాడు, నోరు ఊరుకోదు.

"ఏమన్నా, వెల్డింగు మానేసి బిర్యానీ హోటలు పెడతాండావా? చిమ్నీ బాగుండాది."

"పెడితే నీకు అరువు ఇయ్యనులే" అన్నాడు గంగాధర, దగ్గు మధ్యలో.

ఒక మంగళవారం టెంకాయ కొట్టి, ఫ్యానుకు కుంకుమ పెట్టి, స్విచ్చి వేశారు. వెల్డింగు రాడ్డు ముట్టించగానే లేచిన పొగ, తాడు కట్టి లాగినట్టు పైకి పోయింది. నిమిషంలో మసకబారే షెడ్డు ఆరోజు తేటగా ఉంది. గోడమీది ఆంజనేయుని పటం మూలనుంచి కూడా కనిపించింది. ఆదిలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. కిషోర్ ఈసారి ఎగతాళి చేయలేదు. "పని చేస్తాండాది లే అన్నా" అని మెల్లగా వెళ్ళిపోయాడు.

మరునాడు ఆదిలక్ష్మి తడి తువ్వాలు తెచ్చింది.

"ఇంగెందుకు? మిషను ఉండాది గదా" అన్నాడు గంగాధర. ఆమె తువ్వాలును గుంజకున్న మేకుకు తగిలించింది. అది అక్కడే ఎండి, బిర్రబిగిసింది.

అంతవరకు ఆయన తెల్లపూత వేసిన జి.ఐ. పైపుల పని ఒప్పుకునేవాడు కాదు. ఆ పూత కాలితే దూదిలాంటి తెల్లపొగ లేస్తుంది. అది మనిషిని పడేస్తుందని ఆయనకు తెలుసు. మిషను మీది ధైర్యంతో ఒక పాడిరైతుకు జి.ఐ. పైపులతో పెద్ద ఆవుల షెడ్డు ఒప్పుకున్నాడు. నలభై రోజుల పని. గొంతుకూర్చొని, కాళ్ళ మధ్య పైపు పెట్టుకొని, చేతిలో నల్లద్దం అడ్డం పట్టుకొని, పనిమీదికి వంగి వెల్డింగు చేస్తూ పోయాడు. సాయంత్రాలు వణుకుతో జ్వరం వచ్చేది, పొద్దునకు దిగేది. "చలికాలం గదా" అనుకున్నారు ఇద్దరూ. బెల్లం ముక్క నిమ్మకాయంత నుంచి కొబ్బరిచిప్పంత అయింది.

ఒక శుక్రవారం పొద్దున ఆదిలక్ష్మి పటానికి ఊదుకడ్డీలు చూపించి, అలవాటుగా పనికి కూడా చూపించడానికి వచ్చింది. ఎప్పుడూ ఆయన పనికి కూర్చోకముందే చూపించేది, ఆరోజు ఆలస్యమైంది. ఫ్యాను తిరుగుతోంది. గంగాధర వంగి కూర్చొని పైపుమీద సున్నపుకడ్డీతో గుర్తులు గీస్తున్నాడు. ఆమె ఊదుకడ్డీని పైపు దగ్గరికి వంచింది.

సన్నటి నీలంపొగ లేచింది. పైనున్న గొడుగు దాన్ని లాగింది. లాగినా అది నేరుగా పోలేదు. గంగాధర గడ్డానికి తగిలి, రెండుగా చీలి, ముక్కు చుట్టూ తిరిగి, చెంపల మీదుగా పాకి, నొసలు దాటి అప్పుడు గొడుగులోకి పోయింది.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమయ్యా, కదలొద్దు."

"ఏమాయె?"

"కదలొద్దు. చూడు ఈ పొగ."

ఆయన చూశాడు. తల పక్కకు జరిపాడు, పొగ నేరుగా పైకి పోయింది. మళ్ళీ వంగాడు, ముఖానికి తగిలింది. మూడుసార్లు చేశాడు. నాలుగోసారి చేయలేదు.

"పొయ్యికాడ మనిషి పక్కన నిలబడతాడు ఆదీ" అన్నాడు. "నేను పొయ్యిమీదికి వంగి కూర్చుంటా. అంతా నా ముక్కులోంచే పోయిండాది."

ఆమె మేకుకున్న తువ్వాలు వైపు చూసి, చూపు తిప్పుకుంది. షెడ్డు తేటగానే ఉంది, మొదటిరోజు లాగే.

సోమవారం హిందూపురంలో డాక్టరు పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టాడు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి, లేచి పోయి, నిలబడి ఉన్న ఆదిలక్ష్మికి తానే కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీ చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"ఇంక రాడ్డు ముట్టుకోవద్దు గంగాధరా. పోయినది తిరిగి రాదు. ఉన్నదాన్ని జాగ్రత్త చేసుకుందాం."

"ఉండేది ఎంత సార్?"

డాక్టరు మందుల చీటీ రాస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చిన సాయంత్రం ఆదిలక్ష్మి పటం ముందు నిలబడింది. ఎప్పుడూ గట్టిగా ఏదీ అడగని మనిషి. "గాలిదేవుని కొడుకువి నువ్వు. గేటు గేటుకూ నీ గద పెట్టినాడు. ఆయనకు గుక్కెడు గాలి ఇయ్యలేవా తండ్రీ" అంది. లోపల గంగాధర ఆ మాట విన్నాడు. "స్వామిని ఏమీ అనొద్దు. గొడుగు కట్టింది నేను" అన్నాడు.

ఆయన ఒప్పుకున్న ఆవుల షెడ్డులో ఇంకా మూడోవంతు మిగిలి ఉంది. పాడిరైతు అడగకముందే కిషోర్ రోడ్డు దాటి వచ్చాడు.

"నీ పని నేను చేసిపెడతా. నీ షెడ్డులోనే చేస్తా, పైపులు ఈడనే ఉండాయి గదా. నువ్వు మంచంమీద కూసోని తిట్టు, చాలు."

"వారం ఆగు" అన్నాడు గంగాధర.

ఆరోగ్యంగా ఉన్నప్పుడైతే మిషను మార్చి కట్టడం ఒక పూట పని. ఆయనకు ఎనిమిది రోజులు పట్టింది. గొలుసులు విప్పి గొడుగు దించాడు. గొట్టాన్ని గోడవెంట కిందికి తెచ్చి, మూతిని నేలకు జానెడు ఎత్తులో, పనికి అవతలి పక్కన పెట్టాడు, పొగ ముఖందాకా లేవకముందే అడ్డంగా లాగేసేలా. ఒక్కో మేకు కొట్టాక గుంజకు ఆనుకొని నోరు తెరుచుకొని కూర్చునేవాడు. ఆదిలక్ష్మి మేకులు అందించేది. యల్లక్క రాగిగంజి తెచ్చి, ఏమీ అడగకుండా గుమ్మంలో పెట్టి పోయేది.

ఎనిమిదో రోజు కిషోర్‌ను పని దగ్గర వంచి కూర్చోబెట్టి, ఆదిలక్ష్మితో ఊదుకడ్డీ పట్టించాడు. పొగ వంగి, నేలబారుగా గొట్టంలోకి పోయింది. కిషోర్ ముఖానికి ఒక్క పోగు తగలలేదు.

"బాగుండాది అన్నా. అయినా నాకెందుకు ఇంత? నాకు బెల్లం సాలదా?"

"నేనూ ఇరవై ఎనిమిదేండ్లు తిన్యా" అన్నాడు గంగాధర.

కిషోర్ వంగి గొట్టం మూతిని చేత్తో తడిమాడు.

మంచి మనిషే కిషోర్. తన ట్రాలీల పనికి పోయేముందు రోజూ పొద్దున కొంతసేపు వచ్చి చేస్తాడు, మంచం ఎండలో ఉంటే నీడకు జరుపుతాడు, మందులు వేసుకున్నాడో లేదో అడుగుతాడు. ఫ్యాను వేయడం మాత్రం మరిచిపోతాడు. ఆ రొదలో ఫోను మోగితే వినపడదంటాడు. ఒకటి రెండు అతుకులకు ఎందుకులే అంటాడు. వాకిట్లో మంచంమీద కూర్చున్న గంగాధరకు రాడ్డు చిటపటలు వినబడతాయి, ఫ్యాను రొద వినబడదు. పిలవడానికి ఊపిరి చాలదు. అందుకని ఒక ఇనుప కడ్డీ మంచం పక్కన పెట్టుకొని, తన ఇంటి గేటుకున్న గద మీద కొడతాడు. ఠంగ్, ఠంగ్. లోపల చిటపటలు ఆగుతాయి. "వేస్తాండా అన్నా, వేస్తాండా" అంటాడు కిషోర్. ఫ్యాను తిరుగుతుంది.

నెల గడిచేసరికి రెండు దెబ్బలు కొట్టడానికి గంగాధర మధ్యలో ఒకసారి ఆగవలసి వస్తోంది. ఆ పొద్దున కూడా ఒక దెబ్బ కొట్టి, కడ్డీని ఒళ్ళో పెట్టుకొని, చాలాసేపు ఊపిరి కూడదీసుకొని, రెండోది కొట్టాడు. లోపల ఫ్యాను అందుకుంది. కొండ వైపు తెల్లపొగ సన్నగా లేచింది.

ఆదిలక్ష్మి నీళ్ళ చెంబు పట్టుకొని పక్కన నిలబడి ఉంది.

"నేను కొట్టినన్నాళ్ళే అది తిరిగేది" అన్నాడు ఆమెతో, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. "ఈ కడ్డీ యాడుంటాదో చూసి పెట్టుకో."

ఆమె ఆయన చేతిలోంచి కడ్డీని తీసుకోలేదు. చెంబు కింద పెట్టి, పక్కన కూర్చుని, లోపల ఫ్యాను ఆగుతుందేమోనని ఆయనతోబాటు తానూ వినసాగింది.