నేను మెచ్చుకున్న కంప్యూటరు, సుబ్బారావుగారి చెరకు

ఈ ప్రయాణం ఒక పాఠకుడి ప్రశ్నతో మొదలైంది. "పాత పెద్దాయన తప్పుకున్నాక ఆ కంప్యూటర్ కంపెనీ ఇంకా కొత్తవి కనిపెడుతోందా, లేక ఉన్నవాటికే రంగులు వేసి అమ్ముతోందా?" అని ఆయన ఈ బ్లాగులో అడిగారు. ఏ కంపెనీయో మీకు తెలుసు, పేరు రాయను. పదేళ్లుగా వారపత్రికలోనూ ఇక్కడా కంప్యూటర్ల గురించి రాస్తున్నవాణ్ణి కాబట్టి అది ఐదు నిమిషాల పని అనుకున్నాను. "కనిపెడుతోంది, ఎందుకు కనిపెట్టదు!" అని ధీమాగా రెండు పేరాలు టైపు చేశాను కూడా. అంతలో బోధన్ దగ్గరి ఒక క్యాంపు నుంచి సుగుణ సెల్లులో ఫోన్ చేసింది. ఆ కంపెనీ ప్రోగ్రాం పెట్టుకుని, ఎవరి చెరకు ఏ రోజు ఫ్యాక్టరీకి తోలాలో రైతులకు చీటీ రాసిచ్చే చిన్న కంప్యూటర్ సెంటరు ఆమెది. నిజామాబాద్‌లో టైపు నేర్పుతున్న మనిషిని ఆ పనిలోకి దింపింది నేనే. "సార్, ఒక్కపారి వచ్చి పోండ్రి. ఫోన్ల చెప్పేది కాదు," అంది. ఆ గొంతు వినగానే మనసు కీడు శంకించింది. అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? ఎలాగూ వెళుతున్నాం, ఆ సెంటరు ఫొటో తీసి పాఠకుడికి జవాబుగా పెడదామని కెమెరా కూడా సర్దుకున్నాను.

శుక్రవారం పొద్దున ఐదింటికి సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండులో నిజామాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు వంద రూపాయలకు కొంచెం తక్కువ. కామారెడ్డిలో పది నిమిషాలు ఆపుతాడు, కాళ్లు చాపుకోవడానికి అదే అవకాశం. తొమ్మిదిన్నరకు నిజామాబాద్‌లో దిగాను. పసుపు మార్కెట్టుకు వచ్చే కాలం కావడంతో ఊళ్లోకి వచ్చే లారీలన్నీ పసుపు బస్తాలతోనే ఉన్నాయి. బస్టాండు ఎదుటి హోటల్లో పన్నెండు రూపాయలకు పూరీ తిన్నాను. "బోధన్‌కా సార్? జర నిమ్మళంగ తిను, పావుగంటకొకటి పోతది," అని వంటమనిషి పొయ్యి దగ్గరి నుంచే ఇంకో పూరీ విసిరినట్టు వేశాడు. ఆయన చెప్పింది నిజమే, బోధన్ బస్సులకు కొదవలేదు. పదిహేను రూపాయలు, ముప్పావుగంట ప్రయాణం. ఎడపల్లి దాటాక రోడ్డుకు రెండు వైపులా చెరకు, వరి. చెరకు ట్రాలీ ముందుంటే మాత్రం ఆ ముప్పావుగంట గంటంపావు అవుతుంది. నాకు అలాగే అయింది. వెనక సీట్లో మరాఠీలో బేరాలు మాట్లాడుకుంటున్న ఇద్దరు వ్యాపారులు ఆ ఆలస్యానికి డ్రైవర్ని తెలుగులో తిట్టారు.

బోధన్ బస్టాండు బయట ఆటో మాట్లాడుకున్నాను. క్యాంపు దాకా ఎనభై అన్నాడు, అరవైకి ఒప్పుకున్నాడు. పేరు మల్లేశ్. ఈ చుట్టుపక్కల క్యాంపు అంటే కాలువ నీళ్లొచ్చిన కాలంలో కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. చర్చి పక్కన కంప్యూటర్ సెంటరు అనగానే అతను అద్దంలోంచి నా వంక చూశాడు.

"గా సుగుణక్క కాడికా సార్? కంపెనీ మనిషివా?"

"కాదు, తెలిసినవాణ్ణి."

"మునుపు మస్తుండె సార్. అక్క చీటీ రాసిచ్చిందంటే ఇగ దానికి తిరుగు లేదు. నయా కంప్యూటర్ వచ్చినంక గిట్లయింది. సుబ్బారావు సార్ చెరుకు మూడు దినాల సంది గేటు కాడ్నే ఎండుతున్నది. ఆయన అక్కను ఒక్క మాట అనలే. తిడితే అన్న మంచిగుండు."

కెమెరా సంచి ఒళ్లోంచి తీసి కింద పెట్టాను.

సుగుణకు ముప్పై అయిదేళ్లుంటాయి. వాళ్లది మెథడిస్టు కుటుంబం. చర్చి ఆవరణలో ఖాళీగా ఉన్న గదిని పాస్టరుగారు సెంటరుకిచ్చారు. నేను వెళ్లేసరికి కంప్యూటరు ఆన్‌లోనే ఉంది, గదిలో రైతన్నవాడు లేడు. గోడకు నా వ్యాసం అంటించి ఉంది, నా ఫొటోతో సహా. కొత్త ప్రోగ్రాం వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో దాన్ని చూపించారు. అక్కడ భోజనం చేసి వచ్చి నేను రాసిన వ్యాసమది. "కళ్లు మూసుకుని మార్చుకోండి" అని అందులో ఒక వాక్యం ఉంది. సుగుణ దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టుకుంది.

అసలు సంగతి చెప్పాలంటే పాత ప్రోగ్రాం గురించి చెప్పాలి. ఆరేళ్ల కిందట, పాత పెద్దాయన ఉన్న రోజుల్లో, ఆ కంపెనీ నుంచి ఇద్దరు ఇంజినీర్లు వచ్చి ఈ క్యాంపులో నెలన్నర ఉన్నారు. సుగుణ వాళ్లమ్మ చేసిన జొన్నరొట్టెలు తిన్నారు. చెరకు ట్రాలీల మీద కూర్చుని ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లారు. ఇక్కడ ఫోను లైనును నమ్మలేమని, నమ్మితే పొద్దున వచ్చే మొదటి బస్సునే నమ్మాలని వాళ్లకు తెలిసిపోయింది. అందుకని ఫ్యాక్టరీ ఆఫీసులో రోజూ వంతుల జాబితాను ఒక ఫ్లాపీలోకి ఎక్కిస్తారు. కండక్టరు దాన్ని టికెట్ల పెట్టెలో పెట్టుకుని తెచ్చి సుగుణ చేతికిస్తాడు. ఆ రోజు ఫ్లాపీ పెడితేనే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. నిన్నటిది పెడితే "ఈ రోజు జాబితా రాలేదు, చీటీ ఇవ్వవద్దు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో చెప్పి ఊరుకుంటుంది. తనకు తెలియనిది తెలియదని చెప్పే కంప్యూటరును నేను అంతకుముందు చూడలేదు. ఆరేళ్లలో సుగుణ ఇచ్చిన చీటీ ఒక్కటి కూడా తప్పలేదు.

పెద్దాయన తప్పుకున్నాడు, కొత్తాయన వచ్చాడు, కొత్త ప్రోగ్రాం వచ్చింది, ఈ చెరకు కాలంలోనే సుగుణ దానికి మారింది. కొత్త యంత్రానికి ఫ్లాపీ పెట్టే చోటే లేదు. జాబితా ఫోను లైనులోనే రావాలి, ఇంకే దారిలో తెచ్చినా ప్రోగ్రాం తీసుకోదు. లైను తెగితే, చివరిసారి కలిసినప్పటి జాబితానే మళ్లీ చూపిస్తుంది. అది పాతదని ఎక్కడా చెప్పదు, తేదీ కూడా ఉండదు.

"నాకేం తెలుసు సార్? తెర మీద కనబడ్డదంటే ఇయ్యాల్టిదే అనుకున్న. ఆరేండ్ల సంది గంతే కదా అలవాటు," అంది సుగుణ.

జరిగింది ఇదీ. సోమవారం ఇక్కడ లైను పోయింది. అదే రోజు ఫ్యాక్టరీలో యంత్రం మరమ్మతుకు వచ్చి అందరి వంతులూ అయిదు రోజులు వెనక్కి జరిపారు. ఆ మార్పు కంప్యూటర్లో పెట్టారు, గేటు దగ్గర కాగితం కూడా అంటించారు. సుగుణ తెర మీద మాత్రం పాత జాబితాయే ఉంది, అందులో సుబ్బారావుగారి వంతు బుధవారం. ఆమె చీటీ రాసిచ్చింది. ఆయన మరాఠీ కూలీల ముఠాను పెట్టి మంగళవారం రెండు ట్రాలీల చెరకు నరికించాడు. నరికిన చెరకు ఒక రోజుకే బరువు తగ్గడం మొదలుపెడుతుంది, మూడు నాలుగు రోజులకు రసం పులిసి దేనికీ పనికిరాకుండా పోతుంది. బుధవారం గేటు దగ్గర "నీ వంతు వచ్చే సోమవారం" అన్నారు. ఈ రోజు శుక్రవారం.

"నేనింక ఆయన మొఖం సూడలే సార్," అంది సుగుణ. "మీరొచ్చి చెప్పుండ్రి, తప్పు నాది కాదు, కంప్యూటర్ది అని. ఆయన నమ్మితే క్యాంపంత నమ్ముతది. ఆయన ఇడిసిపెడితే ఈ తలుపు తీసుడు బేకార్."

ముందు నా పరపతి ఏపాటిదో చూద్దామని హైదరాబాద్‌లో ఆ కంపెనీ ప్రచార విభాగంలో నాకు తెలిసిన మనిషికి నా సెల్లు నుంచి ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. "అది లోపం కాదండీ, సదుపాయం," అన్నాడు. "లైను లేకపోయినా తెర ఖాళీగా కనిపించకూడదని మా కొత్త నాయకత్వం పట్టుబట్టి పెట్టించింది. జూన్‌లో వచ్చేది చూడండి, బటన్లన్నీ గుండ్రంగా చేశాం. మీరు తప్పకుండా రాయాలి." ఫ్లాపీ సంగతి ఎత్తితే నవ్వాడు. క్యాంపుకు మళ్లీ ఎవరినైనా పంపుతారా అంటే, ఇప్పుడు అలా పంపడాలు లేవన్నాడు. నాకు ఒళ్లు మండింది, కానీ ఎవరి మీద మండాలి? నిరుడు ఇదే సదుపాయాన్ని "తెర ఎప్పుడూ మిమ్మల్ని నిరాశపరచదు" అని మెచ్చుకుంటూ రాసింది నేనే కదా.

సుగుణ వాళ్లమ్మ రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. "తిను బిడ్డా, ఎప్పుడు లేసినవో ఏమో," అందే తప్ప కూతురి సంగతి ఎత్తలేదు. రెండు దాటాక మల్లేశ్ ఆటోలోనే నేనూ సుగుణా ఫ్యాక్టరీకి బయలుదేరాం. క్యాంపు నుంచి ఇరవై నిమిషాలు, రానూ పోనూ నూట ఇరవై రూపాయలు. దారి పొడుగునా సుగుణ నాతో ఏమేం చెప్పాలో చెప్పించుకుంది. "లైను పోయిన సంగతి ముందు చెప్పుండ్రి. పాత కంప్యూటర్ అయితే గిట్ల కాకపోవునని చెప్పుండ్రి."

గేటు ముందు మైదానంలో ట్రాలీలు వరసగా నిలబడి ఉన్నాయి. సుబ్బారావుగారు తన ట్రాలీ నీడలో కండువా పరుచుకుని కూర్చుని ఉన్నారు. అరవై దాటిన మనిషి. వెళ్లగానే లేచి నిలబడి, కూర్చోమని నాకు తన కండువా చూపించారు. ట్రాలీలోంచి పులిసిన వాసన వస్తోంది. ఒక చెరకు గడ లాగి చూస్తే కోసిన చోట ఎర్రబడి ఉంది. పక్క ట్రాలీల రైతులు నలుగురైదుగురు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

నేను చెప్పాను. లైను గురించి, ప్రోగ్రాం గురించి, కంపెనీ గురించి పావుగంట చెప్పాను. ఇలాంటివి వివరించడమే నా వృత్తి. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక అడిగారు.

"గోడకంటించిన కాగితంలో బొమ్మ తమరిదేనాండీ?"

"నాదే."

"చదివానండీ. కళ్లు మూసుకుని మార్చుకోమన్నారు. ఈ అమ్మాయి మార్చనంటే, పేపర్లో రాసినాయన తెలీక రాస్తాడేంటమ్మా, మార్చుకో అని నేనే చెప్పానండీ. ఆ పాత మిషను ఎవరికో ఇప్పించేసింది కూడా నేనే. రాసేముందు తమరు ఒక్కరోజు వచ్చి మా మధ్యన కూచుంటే సరిపోయేదండీ."

సిగ్గుతో చచ్చిపోయాను, ఇంతకంటే మర్యాదగా ఆ మాట రాయలేను.

ఆయన సుగుణ వైపు తిరిగారు. "నువ్వేడవకమ్మా. నీ తప్పేం లేదు, ఎక్కడైనా చెబుతాను. కానీ రేపట్నుంచి పొద్దున్నే నేనే గేటుకొచ్చి కనుక్కుంటానమ్మా. ఏమనుకోకు."

పక్కనున్న రైతుల్లో ఒకాయన, "నేనూ వస్తా బాబాయ్, బండి మీద కలిసే వద్దాం," అన్నాడు. ఇంకొకాయన ఎన్నింటికి బయలుదేరతారని అడిగాడు. ఐదున్నరకని తేల్చుకున్నారు. అంత మంచి మాటలతో, ఎవరూ ఎవరినీ నొప్పించకుండా, సుగుణ సెంటరు మా కళ్లముందే మూతపడింది. ఆమె తల ఊపి, "మంచిగ చెప్పిండ్రు సార్," అంది. అది నాతో అన్నదో ఆయనతో అన్నదో తెలియలేదు.

తిరుగు దారిలో నేను పత్రికలో మళ్లీ రాస్తానన్నాను, కంపెనీకి ఉత్తరం రాస్తానన్నాను, హైదరాబాద్‌లో పని చూపిస్తానన్నాను. "వద్దు సార్," అంది. ఆ ఒక్క మాటే. క్యాంపు మలుపులో దిగి, చెప్పులు సర్దుకుని వెళ్లిపోయింది. అయిదు గంటల బస్సుకు నిజామాబాద్ వచ్చి, అక్కణ్ణుంచి ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాను. ఒక్క ఫొటో కూడా తీయలేదు.

పాఠకుడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వాలి కదా. ఆ కంపెనీ ఇప్పుడు కొత్తవి కనిపెట్టడం లేదు. కనిపెట్టడమంటే ఇద్దరు మనుషులు ఒక చోట నెలన్నర కూర్చుని, బస్సు నమ్మదగిందా ఫోను నమ్మదగిందా అని తెలుసుకోవడమని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. అలా కూర్చునేవాళ్లను కొత్త నాయకత్వం ఇళ్లకు పంపేసింది, కూర్చునే అలవాటు నాక్కూడా పోయింది. ఆ కంపెనీ మళ్లీ బాగుపడుతుందన్న ఆశ నాకు లేదు. బాగుపడినా సుగుణకు ఒరిగేదేమీ లేదు, ఒకసారి గేటు దారి పట్టిన రైతు మళ్లీ ఆ గదికి రాడు. టైపు చేసిపెట్టుకున్న రెండు పేరాలు కొట్టేశాను. గోడ మీది వ్యాసాన్ని కొట్టేయడం నా చేతుల్లో లేదు.

చెరకు ఆడే రోజుల్లో అటు వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే సలహా. ముందురోజే బోధన్ చేరుకుని, మంచినీళ్లు వెంట తీసుకుని పొద్దున ఐదున్నరకే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండండి. క్యాంపు రైతులందరూ ఇప్పుడు అక్కడే వరసలో నిలబడతారు, అడిగితే చక్కగా మాట్లాడతారు. చర్చి వైపు వెళితే, సుగుణ కనిపిస్తే, నా పేరు మాత్రం చెప్పకండి.