నలభై నిమిషాల గాలి

ఇరవై ఆరేళ్లుగా ఆమె పని గాలి పట్టడం. వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో అందరూ ఆమెను గాలావిడ అనే పిలుస్తారు. చేలో దించిన ఇనప చట్రం మీద రేకు డబ్బా బోర్లించి, లోపలి గాలిని సిరంజితో లాగి గాజు సీసాల్లోకి ఎక్కిస్తుంది. బోర్లించగానే ఒకసారి, ఇరవై నిమిషాలకి ఒకసారి, నలభై నిమిషాలకి ఆఖరిసారి. మధ్యలో డబ్బా కదిపితే పడ్డ పాటంతా దండగ. యూరియా చల్లిన నేల వాన తడికి నైట్రస్ ఆక్సైడ్ వదులుతుంది. భూమిని వేడెక్కించడంలో బొగ్గు పొగ దాని ముందు పసిపాప. అది ఎంత పోతోందో ఆ సీసాలే చెప్పాలి.

"ఇవాళెంత పోగేశావమ్మా?" అని గేటు దగ్గర వాచ్‌మన్ రోజూ అడుగుతాడు.

"ఆఫీసులో కూర్చుని పోగేసేవాళ్ల కన్నా తక్కువేలే!" అంటుందామె. అంత నోరున్న మనిషికీ ఒక్క విషయంలో నోరు పెగలదు.

ఆమె చెల్లెలు పురిట్లోనే పోయింది. పుట్టిన పిల్లను ఈమె తెచ్చుకుని పెంచింది. పిల్ల ఈమెనే "అమ్మా" అంది. ఊహ తెలిశాక అసలు సంగతి చెప్పేసింది గానీ, చెప్పినప్పుడల్లా చివర ఒకటే మాట: "పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. చెయ్యి వదల్లేదు." పిల్ల ఆ మాటను అడిగి మరీ చెప్పించుకునేది. జ్వరమొచ్చినా, బళ్లో ఎవరైనా ఏడిపించినా, అది వింటే గానీ కుదుటపడేది కాదు.

అది పచ్చి అబద్ధం. ఆ అబద్ధమే ఆమెను పట్టి పీడిస్తోంది. నొప్పులు తట్టుకోవడానికి ఆస్పత్రిలో చెల్లెలి ముక్కుకి మాస్కు తగిలించారు. ఆ గొట్టంలో వచ్చేదీ నైట్రస్ ఆక్సైడే. పీల్చిన మనిషికి నవ్వొస్తుంది. అంత బాధలోనూ చెల్లెలు కిసుక్కున నవ్వి, "అక్కా, ఇది నీ సరుకేనే!" అంది. ఆమె విన్న ఆఖరి మాట అదే. అప్పట్నుంచీ డబ్బా బోర్లించి పక్కన కూర్చుంటే చాలు, రేకు కింద ఎవరో కిసుక్కుమంటారు. మిట్టమధ్యాహ్నం, చుట్టూ నలుగురూ పని చేసుకుంటుండగానే. చెవి ఆనిస్తే ఏమీ ఉండదు. చెవి తీస్తే మళ్లీ మొదలు. ఒకసారి మేనత్తతో చెప్పుకుంటే, "చేలంట పడి తిరిగితే గాలి సోకదూ మరి?" అందావిడ. ఆమెకది వేళాకోళంగా అనిపించలేదు.

ఇప్పుడు పిల్లకి ఇరవై మూడేళ్లు. అదే క్షేత్రంలో గణాంకాల విభాగంలో చేరింది. ఏ దేశపు పొలాలు ఎంత నైట్రస్ ఆక్సైడ్ వదులుతున్నాయో పోల్చే పట్టికకి తమ దేశం అంకె తయారు చేయడం ఆ అమ్మాయి తొలి పని. ఆ అంకెకి ఆధారం ఈ క్షేత్రం సీసాలే.

ఒక మధ్యాహ్నం ఆమె సీసాలు కడుగుతుంటే పిల్ల పాత రిజిస్టరూ ఓ తెల్ల కాగితమూ పట్టుకుని పరుగున వచ్చింది.

"అమ్మా, మన అంకె పక్క దేశాల కన్నా ఎక్కువొస్తోందని ఆఫీసరుగారు తల పట్టుకున్నారు. ఎందుకా అని తవ్వితే ఒక్క రోజు దగ్గర తేలింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనంత గాలి ఆ ఒక్కరోజే! అది తీసేస్తే మనం అందరికన్నా కిందకి దిగిపోతాం. తేదీ చూడు."

అది పిల్ల పుట్టినరోజు. రాత ఆమెదే.

"ఆ రోజు నువ్వు ఆస్పత్రిలో ఉన్నావుగా, సీసాలెవరు పట్టినట్టు? తర్వాతెప్పుడో ఏదో గాలి ఎక్కించి ఆ తేదీ వేసేసుంటావు. పోనీలే, నీ స్థితిలో ఎవరైనా అంతే. నమ్మదగినవి కావని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టెయ్, కొట్టేస్తాను."

ఎంత సులువు! ఆఫీసరు సంతోషిస్తాడు, పిల్ల మనసులో తల్లి చెయ్యి పట్టుకున్న మనిషి అలాగే ఉండిపోతుంది. ఆమె పెన్ను అందుకుంది కూడా. కానీ ఆ రోజు గురించి ఇన్నేళ్లుగా నిజం చెబుతున్నవి ఆ మూడు సీసాలు మాత్రమే. వాటినీ తనలాగే అబద్ధాలకోరుల్ని చెయ్యడానికి చెయ్యి రాలేదు.

"సీసాలు నిజమేనే," అంది. "నేనే పట్టాను."

"ఎప్పుడు?"

"ఆ రోజు పొద్దున్నే. యూరియా వేశాక పడ్డ మొదటి పెద్ద వాన. ఆ పూట తప్పితే ఏడాది పని పోయినట్టే. గంటలో వచ్చేస్తానని దానికి చెప్పి వచ్చాను. డబ్బా బోర్లించి ఇరవై నిమిషాలయ్యేసరికి కబురొచ్చింది. నన్నే పలవరిస్తోందట, వెంటనే రమ్మని."

"వెళ్లావా?"

"ఇంకో ఇరవై నిమిషాలే కదా అనుకున్నాను."

పిల్ల రిజిస్టరు మీద వేలు పెట్టింది. మూడు అంకెలున్నాయి. మూడోది అన్నిటికన్నా పెద్దది.

"ఇది అప్పటిదా?"

"అప్పటిదే. వెళ్లేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. నిన్ను తెచ్చి నా చేతుల్లో పెట్టారు."

పిల్ల సంతకం కోసం తెచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. రిజిస్టరు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే అంది:

"అంకె ఉంచుతాను, పెద్దమ్మా."