చుక్క కోసం వెళ్లిన రాత్రి

ఖమ్మంలో ఆకాశం ఎక్కడుంది? కోచింగ్ కాలేజీల బోర్డుల వెలుగు తప్ప ఏమీ కనిపించదు. అందుకే టెలిస్కోపును కారులో వేసుకుని పర్ణశాల దాటి అడవి అంచుకు వెళ్లాను. పగలు కాలేజీలో ఫిజిక్స్ చెప్పడం, రాత్రయితే ఇలా తిరగడం నా పిచ్చి.

నేను చూడబోయిన నక్షత్రం కొత్తగా బయటపడ్డ డ్వార్ఫ్ నోవా. జంటగా ఉన్న నక్షత్రం నుంచి వాయువును లాక్కుని ఉన్నట్టుండి భగ్గుమంటుంది, కొద్దిరోజుల్లో మసకబారిపోతుంది. భగ్గుమన్నప్పుడే దాని వెలుగు గంటా గంటన్నరకోసారి కాస్త పెరిగి తగ్గుతుంది. వరుసగా రెండు పెరుగుదలలు దొరికితేనే ఆ వ్యవధి ఎంతో తేలుతుంది. అప్పటికే కొన్ని రాత్రులు మబ్బుల పాలయ్యాయి. రేపటికి అది ఉంటుందన్న నమ్మకం లేదు.

ఆ రాత్రి మొదటి పెరుగుదల దొరికింది. తగ్గడం మొదలైంది. కానీ పోలిక కోసం పెట్టుకున్న మామూలు నక్షత్రాలు కూడా తగ్గుతున్నాయి! అవి తగ్గకూడదు. అంతలో ముక్కుకు పొగ తగిలింది, వాగువైపు నుంచి. ఒళ్లు మండిపోయింది.

అప్పుడే ముఖాన టార్చి పడింది. గూడెం మనుషులిద్దరు.

"ఎవరు మేడం? ఏం పని గిక్కడ?"

"చుక్క కోసం వచ్చిన అన్నా," అన్నాను. నక్షత్రమంటే పుస్తకం మాటలా ఉంటుందని నా తెలివి.

ఇద్దరూ బిగుసుకుపోయారు. "ఏ చుక్క? గిక్కడ చుక్కా లేదు, గిక్కా లేదు. ఎక్సైజోళ్లు పంపిండ్రా?"

అప్పుడు వెలిగింది నాకు. వాగులో ఇప్పసారా కాస్తున్నారు. పొగ ఆపమంటే సారా బట్టీ సంగతి నాకు తెలుసని ఒప్పుకున్నట్టే. ఊరుకుంటే నక్షత్రం పోయినట్టే. భయమేసింది, దాచేదేముంది.

టెలిస్కోపుకు కలిపిన లాప్‌టాప్ వాళ్లవైపు తిప్పాను. "ఆకాశంల చుక్క అన్నా, గిదిగో. జరసేపు పొగ రాకుంటే చాలు. ఏడికెల్లి వస్తుందో నేనడగ."

ఇద్దరిలో పెద్దాయన తెరనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. టార్చి ఆర్పి వాగువైపు వెళ్లాడు. రెండో అతను నా పక్కనే కూర్చున్నాడు, కాపలాకో, చూడ్డానికో.

చాలాసేపటికి పోలిక నక్షత్రాలు నిలకడగా నిలబడ్డాయి. నాది మాత్రం మెల్లగా పైకి లేచింది. రెండో పెరుగుదల సమయం రాసుకున్నాను.

తెల్లారి సామాను సర్దుతుంటే పెద్దాయన వచ్చాడు.

"దొరికిందా మేడం, మీ చుక్క?"

"అవ్ అన్నా, దొరికింది."

"మంచిగైంది. నడుమల మంట ఆర్పితే మా చుక్కే చెడింది," అన్నాడు. "రేపు కొలుపుల అమ్మోరికి ఏం పొయ్యాలె?"