ఉరుముని ఏడిపించాలని చూశారు

గాయక బృందంలోంచి తీసేసిన ఆదివారం ఉరుము తన పాటల పుస్తకాన్ని బల్ల మీద పెట్టిన చప్పుడు చర్చి చివరి వరుస దాకా వినిపించింది. విసిరికొట్టిందని కొందరన్నారు. విసరలేదు, పెట్టింది. ఆమె ఏం చేసినా కాస్త గట్టిగానే వినిపిస్తుంది, అంతే.

ఉరుము అసలు పేరు కాదు. నాలుగేళ్ల పిల్లగా మొదటిసారి చర్చిలో పాటందుకున్నప్పుడు, ముందు వరుసలో కునుకు తీస్తున్న ఓ ముసలాయన ఉలిక్కిపడి లేచి "వానొస్తోందా?" అన్నాడట. అప్పట్నుంచీ అదే పేరైపోయింది. ఆ ఏడాదే కన్నతల్లి ఆమెను తన అక్క ఇంట్లో దింపి, "నెల తిరక్కుండా వచ్చి తీసుకెళ్తా" అని వెళ్లింది. ఆ నెల ఇంకా తిరగలేదు.

పెంచింది పెద్దమ్మ, పెద్దనాన్న. వాళ్లకి పిల్లల్లేరు. పెద్దనాన్నది బస్సులు ఆగే చోట చెప్పులు బాగుచేసే కొట్టు. పెద్దమ్మ చర్చిలో పియానో వాయిస్తూ పాటలు నేర్పేది. ఒకప్పుడు ఆమే పాడేది. మెడకి ఆపరేషనయ్యాక గొంతు రంపంతో కోస్తున్నట్టు తయారైంది. ఇక తాను పాడలేనని తెలిశాక, దాచుకున్నదంతా ఆ పిల్లకి పోసేసింది. "గొంతు చించుకోకే. గొంతు దారి మాత్రమే. పాట పొట్టలోంచి బయల్దేరాలి" అంటూ పిల్ల కడుపు మీద అరచెయ్యి ఆనించి ఊపిరి పట్టించేది.

అలా నేర్చిన పాటే కొంపముంచింది. దేవుణ్ణి "ఇంకెన్నాళ్లు చూస్తూ ఊరుకుంటావు" అని నిలదీసే పాట ఒకటుంది. అందరూ దాన్ని జోలపాటలా పాడతారు. ఉరుము నిజంగానే నిలదీసింది. ఒక్కో మాటను వంచింది, సాగదీసింది, ఒకచోట అరిచేసింది కూడా. ప్రార్థన ముగిశాక పాస్టరుగారు పిలిచారు.

"నువ్వు పాడుతుంటే జనం దేవుణ్ణి వదిలేసి నిన్ను చూస్తున్నారమ్మా. ఇది ఆరాధనా, నాటకమా? కొన్నాళ్లు కింద కూర్చో."

"అయ్యగారూ," అంది పెద్దమ్మ తన రంపపు గొంతుతో, "దేవుడు చెవిటివాడు కాడు, ఒప్పుకుంటా. పిల్ల మాత్రం మూగదా?"

"మీరు అడ్డు రాకండి."

పెద్దమ్మ పియానో మూత వేసి లేచింది. ఇద్దరూ బయటికొచ్చేశారు. ఉరుము ఇంటికొచ్చాక తలుపు ఎంత గట్టిగా వేసిందంటే పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగిచూశారు.

ఆ తర్వాత పాటంతా లాండ్రీకి చేరింది. ఉరుము పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేది. మనిషెత్తు యంత్రాలు రోజంతా గిరగిరా తిరుగుతూ మొత్తుకునే గది. దుప్పట్లు ఆరి బయటికొచ్చేసరికి చేతులు చుర్రుమనేవి. ఇద్దరు చెరో అంచూ పట్టుకుని విదిలించి, దగ్గరికొచ్చి మడతెయ్యాలి. ఆ యంత్రాల హోరు మీద పాడాలంటే మామూలు గొంతు చాలదు. ఉరుముది చాలేది. అవతలి అంచు పట్టుకునే ఆమె జోడీ ఒకరోజు అడక్కుండానే ఫోన్లో ఆ పాట పట్టి టీవీ పోటీవాళ్లకి పంపేసింది.

"నన్నడగాలా వద్దా?" అని ఉరుము మండిపడింది.

"అడిగితే వద్దంటావు. కోపం తర్వాత పడు, ముందు వెళ్లు" అంది జోడీ.

వెళ్లింది. మొదటి అంచెలో ఆమె పాడటం ముగించేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతలూ లేచి నిలబడ్డారు. "ఇలా ఆత్మ పెట్టి పాడటాన్ని సోల్ అంటారు, తెలుసా?" అన్నారు ఒకాయన. "తెలీదండీ. మా పెద్దమ్మ దీన్ని పాడటం అంటుంది" అంది ఉరుము. హాలంతా నవ్వింది. ఇంటికొచ్చి చెబితే పెద్దనాన్న మురిసిపోయాడు. "సోలా? నా బతుకంతా చెప్పులకి సోల్‌లు అతికించడమే కదే! ఇంతకాలానికి ఇంట్లో ఒక్కళ్లకైనా అతికింది."

టీవీలో వచ్చినప్పుడు ఆ పెద్దమ్మ మాట లేదు. కత్తిరించేశారు.

తర్వాతి వారం కెమెరాలతో లాండ్రీకొచ్చారు. కార్యక్రమం నడిపే మేడమ్ అందర్నీ 'డియర్' అని పిలిచే మనిషి. గది చూసి పెదవి విరిచింది. "యంత్రాలు కనబడితే జాలి పుట్టదు డియర్." ఎక్కణ్ణుంచో ఒక తొట్టీ, సబ్బుబిళ్లా తెప్పించి, ఆసుపత్రి వెనక గోడ దగ్గర ఉరుము చేత దుప్పటి ఉతికించింది. అప్పటికే ఉతికేసిన దుప్పటి, కెమెరా కోసం రెండోసారి. ఉరుము పళ్లు బిగించి ఉతికింది. ఆ శనివారం ముగ్గురూ టీవీ ముందు కూర్చుంటే, విషాదమైన వయొలిన్ వెనక ఒక గొంతు చెప్పింది: "నా అన్నవాళ్లు లేని అనాథ. పాట నేర్పే దిక్కు లేక, తనకు తానే నేర్చుకున్న కోకిల."

పెద్దనాన్న తన మణికట్టు తానే పట్టుకుని నాడి చూసుకున్నాడు. "బతికే ఉన్నట్టున్నానే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ లేచి వెళ్లి పడుకుంది.

ఆ పడుకోవడమే ఉరుముకి నిప్పు పెట్టింది. మర్నాడు మేడమ్ గదికెళ్లి నిలబడింది. "నేను అనాథని కాను. నాకు పెద్దమ్మ ఉంది. పాట ఆవిడే నేర్పింది."

"ఉంటే ఉండనీ డియర్. కథలో పట్టదు."

"అది కథ కాదు, నా ఇల్లు."

"ఒప్పందం మీద సంతకం పెట్టావుగా. చదివే పెట్టావనుకుంటా" అంది మేడమ్ ఫోన్లోంచి తలెత్తకుండా.

పోటీ మానేస్తానంది ఉరుము ఆ పూట ఇంట్లో. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "మంట రేగితే పొయ్యిని తన్నుకుంటామా? దాని మీద ఏదో ఒకటి వండుకోవాలి. వెళ్లి పాడు."

పాడింది. వారం వారం ఒకరు తగ్గుతూ వచ్చారు, ఉరుము మిగులుతూ వచ్చింది. కొట్లలో ఆమె బొమ్మలు వెలిశాయి. ఒకరోజు పనికెళ్తూ బస్సు కిటికీలోంచి చూస్తే చర్చి గేటు మీద నిలువెత్తు ఫ్లెక్సీ, మధ్యలో తన మొహం, కింద 'మా సంఘం కన్న బిడ్డ' అని. మూలన పాస్టరుగారి ఫొటో. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచింది. గేటెక్కి తాళ్లు విప్పింది. ఫ్లెక్సీని దించి, లాండ్రీలో దుప్పటి మడిచినట్టు అంచుకి అంచు కలిపి మడిచి, పాస్టరుగారి గుమ్మంలో పెట్టింది. ఆయన పరుగున బయటికొచ్చారు.

"ఇదేంటమ్మా? నీ గౌరవం కోసం కట్టాం!"

"పాడనివ్వని చోట బొమ్మెందుకండీ? మా పెద్దమ్మ పియానో దగ్గర ఇప్పుడెవరు కూర్చుంటున్నారు?"

పాస్టరుగారు ఫ్లెక్సీని చంకలో పెట్టుకుని, "కోపం పాపమమ్మా" అన్నారు. "అయితే నా లెక్కలో రాసుకోండి" అని ఉరుము వచ్చేసింది.

ఇక సెమీఫైనల్. నేరుగా ప్రసారం. పెద్దమ్మకీ పెద్దనాన్నకీ మూడో వరుసలో చోటిచ్చి, కెమెరా అటు తిరిగినా లేచి నిలబడొద్దని చెప్పారు. ఉరుముకి అమ్మ మీద పాట ఇచ్చారు. ఆమె మైకు పట్టుకోగానే వ్యాఖ్యాత, "ఆగు! నీకోసం ఒక కానుక" అన్నాడు. వెనక తలుపు తెరుచుకుంది. ఒకావిడ నడిచొచ్చింది. అచ్చం పెద్దమ్మ నుదురు, పెద్దమ్మ చుబుకం. వాటితోనే పోల్చుకుంది ఉరుము, కన్నతల్లిని.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. తల్లి ఏడుస్తూ చేతులు చాపింది. ఉరుము కదల్లేదు. మైకుని అరచేత్తో మూసి అడిగింది.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"నువ్వేగా..." తల్లి తడబడింది. "నన్ను చూడకుండా ఉండలేకపోతున్నావని, రాకపోతే పాడనంటున్నావని చెప్పారు. అందుకే ధైర్యం చేసి..."

ఇన్నేళ్లూ ఆ మనిషి మీద పెంచుకున్న కోపం అలాగే ఉంది. కానీ దానికంటే పెద్ద కోపమొకటి పక్కనొచ్చి నిలబడింది. కెమెరాల వెనక మేడమ్, కంటి నుంచి చెంప మీదికి వేలు జారుస్తూ సైగ చేస్తోంది: ఏడువు, ఏడువు.

ఉరుము మైకు మీంచి చెయ్యి తీసింది.

"ఈవిడ నన్ను కన్న అమ్మ. ఈవిడకి అబద్ధం చెప్పి తీసుకొచ్చారు. నన్ను పెంచి, పాట నేర్పినావిడ అదిగో, మూడో వరుసలో ఉంది. లేచి నిలబడొద్దన్నారు ఆవిణ్ణి. నేను అనాథని కాను. మా అమ్మ మీద నాకు చెప్పలేనంత కోపముంది, అది మా ఇంటి గొడవ, మీ కానుక కాదు. మీరు వచ్చింది పాట కోసం. వినండి."

వాద్యాలవాళ్లు అమ్మ పాట మొదలెట్టబోయారు. చెయ్యెత్తి ఆపింది. దేవుణ్ణి నిలదీసే పాట ఎత్తుకుంది, ఏ వాద్యమూ లేకుండా. మొదటి చరణం తగ్గు గొంతుతో, దాదాపు మాట్లాడినట్టే పాడింది. రెండోదానికి పాట పొట్టలోంచి లేచింది. 'ఇంకెన్నాళ్లు' అన్న మాట దగ్గర ఆగి, దాన్నే మళ్లీ మళ్లీ అడిగింది. ఒకసారి దేవుణ్ణి, ఒకసారి తల్లిని, ఒకసారి ఆ కెమెరాలని. డ్రమ్స్ కుర్రాడు ఉండబట్టలేక అందుకున్నాడు. మూడో వరుసలో పెద్దమ్మ లేచి నిలబడి, ముందున్నాయన కుర్చీ వీపు మీద అరచేత్తో దబదబా తాళం వేసింది. ఆ పెద్దమనిషి కిక్కురుమనకుండా భరించాడు.

తర్వాత మేడమ్ కోర్టుకీడుస్తానంది. ఓట్లు ఎప్పుడూ లేనన్ని పడ్డాయని తెలిశాక మళ్లీ డియర్ అంది. ఫైనల్లో ఉరుము రెండో స్థానంలో నిలిచింది. "రెండో స్థానమంటే ఓడిపోవడానికి మర్యాద పేరు" అని దానిక్కూడా చిరచిరలాడింది. అయినా రికార్డు కంపెనీవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. తన వెనక వంత పాడే బృందానికి పాఠం చెప్పేది పెద్దమ్మే అయితేనే పాడతానంది. వాళ్లు నసిగి, ఒప్పుకున్నారు. ఇప్పుడు స్టూడియోలో ఆ రంపపు గొంతు విని గాయకులు నిటారుగా కూర్చుంటారు.

ఫైనల్ నాడు తల్లి టికెట్టు కొనుక్కుని, ఎవరూ పిలవకుండానే వచ్చింది. అంతా అయ్యాక బయట మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"ఇంటికి రానా?" అంది.

"ఇప్పుడు కాదు. నాకింకా కోపం పోలేదు."

"ఎప్పటికి పోతుంది?"

"నాకేం తెలుసు? నువ్వు ఇన్నేళ్లు తీసుకున్నావు, నన్నూ కొన్నాళ్లు తీసుకోనీ." రెండు మెట్లు దిగి ఆగింది. "ఫోన్ చెయ్యి. ఎత్తాలనిపిస్తే ఎత్తుతా."

తల్లి చేస్తూనే ఉంది. ఉరుము కొన్నిసార్లు ఎత్తుతుంది. ఎత్తినప్పుడు ఇద్దరూ పోట్లాడుకుంటారు. మధ్యలో పెద్దమ్మ ఫోను లాక్కుని చెల్లెల్ని తనూ నాలుగు తిడుతుంది.