గళ్ల తెర తుడిచేసిన ముఖం

చావు గుమ్మం దాకా వెళ్లినవాళ్లను చెయ్యి పట్టుకొని వెనక్కి తెచ్చే దేవునికి స్తోత్రం. ఆయనను స్తుతించకుండా ఈ కోపం సంగతి మొదలుపెడితే నేను ఎటు కొట్టుకుపోతానో నాకే తెలియదు.

మా అమ్మకు చిన్నతనంలో మశూచి వచ్చింది. బతికింది గానీ ముఖమంతా గుంటలు పడ్డాయి. భవానీపురం వీధుల్లో గంప నెత్తిన పెట్టుకొని చేపలు అమ్మేది. ఆదివారం సంఘంలో సాక్ష్యానికి లేస్తే ఎక్కువ మాట్లాడేది కాదు. చెంప మీద చెయ్యి వేసుకొని, "నాకు గొయ్యి తవ్వినోళ్లంతా పోయారు, నేనింకా చేపలమ్ముతున్నా" అనేది. అందరూ నవ్వేవారు. ఆమె మాత్రం కళ్లు తుడుచుకుంటూ కూర్చునేది. ఆ గుంటలే ఆమె సాక్ష్యం.

ఆమె పోయాక జ్ఞాపకార్థ కూడికకు పెద్ద ఫొటో కావలసి వచ్చింది. ఉన్నది ఒకటే, ఎవరి పెళ్లిలోనో తీసిన చిన్న ఫొటో. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు నడిపే మా అన్నయ్య దాన్ని ఒక స్టూడియోలో ఇచ్చాడు. కూడిక రేపనగా తీసుకురావడానికి నేను వెళ్లాను. ఫ్రేములో చీర అమ్మదే. ముఖం మాత్రం ఒలిచిన కోడిగుడ్డులా నున్నగా ఉంది.

"ఇదెవరండీ?" అన్నాను.

"మీ అమ్మగారేనండీ," అన్నాడు స్టూడియో యజమాని.

"ముఖం మీద గుంటలేవి?"

ఆయన తన కొత్త ఫ్లాట్ మానిటర్ ముందు నన్ను కూర్చోబెట్టి ముఖం పెద్దది చేసి చూపించాడు. తెర నిండా సన్నటి నల్లగీతల గళ్లు. దోమతెర వెనక అమ్మ నిలబడినట్టుంది.

"ఇది కొన్నప్పట్నించీ ఇంతేనండీ. పాత డబ్బా మానిటరే నయం. ఈ గళ్లలో ఆ గుంటలు సరిగా ఆనక, ఫొటో మీద పడ్డ మరకలనుకొని తుడిచేశాను."

"చేతిలో ఫొటో ఉంది కదండీ. ఒక్కసారి దాని వంక చూడలేదా?"

"అందులో ముఖం గోరంతే కదండీ. అయినా మీ అన్నగారు పొద్దున వచ్చి చూశారు. చాలా బాగుందన్నారు."

యంత్రం పొరపాటు యంత్రానిది. తెలియని మనిషి పొరపాటు కూడా నేను మింగగలను. ఆమె కడుపున పుట్టినవాడు ఈ ముఖం చూసి బాగుందన్నాడు.

తిన్నగా అన్నయ్య ఇంటికి వెళ్లి అడిగాను. వాడు భోజనం ముందు నుంచి లేవలేదు.

"బాగానే ఉంది కదే. పరలోకంలో మచ్చలుంటాయా? మహిమ శరీరమంటే అట్టాగే ఉంటది."

"తిరిగి లేచిన ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు ఎందుకున్నాయి అన్నయ్యా? నమ్మని శిష్యుణ్ని వేలు పెట్టి చూడమన్నది దేన్ని?"

"అబ్బో, పాస్టరమ్మగారు వచ్చారు, లేచి నిలబడండి," అన్నాడు పిల్లలతో. పిల్లలు నవ్వారు.

మర్నాడు కూడికలో ఆ నున్నటి ముఖానికే దండ వేశారు. నేను చిన్న ఫొటో చేత్తో పట్టుకొని వెనక కూర్చున్నాను. అమ్మతో చేపలమ్మిన ఒక పెద్దామె నా పక్కకు వచ్చి, "ముందర పెట్టింది ఎవరే? మీ అత్తగారా?" అని అడిగింది. చేతిలోని ఫొటో చూపించాను. కళ్లకు దగ్గరగా పెట్టుకొని, "ఇదీ మా మనిషి" అంది.

ఆ పెద్ద ఫొటో ఇప్పటికీ అన్నయ్య ఇంటి హాల్లోనే ఉంది. మొన్న వాడి కూతురు, "నానమ్మ చర్మం ఎంత బాగుండేదో కదత్తా" అంది. ఏ చావు నుంచి దేవుడు ఆమెను తప్పించాడో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పబోతే వాళ్ల నాన్న టీవీ సౌండు పెంచాడు.

అన్నయ్యను క్షమించే మనసు నాకింకా రాలేదు. వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. చదువుతున్న మీరు నాతో కలిసి ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. ప్రభువా, ఆ ఫొటోను వాడి చేత్తోనే గోడ మీంచి దింపించు. ఆ పిల్లకు వాళ్ల నానమ్మ సాక్ష్యం వాడి నోటితోనే చెప్పించు. అప్పటిదాకా నా నోటికి కావలి ఉంచు. ఆమేన్ అనండి.