పిన్నిగారి పెరట్లో ధ్రువజ్యోతి

లడఖ్ ఆకాశంలో అరోరా, అదే ధ్రువజ్యోతి, కనిపించిందని టీవీలో చూపించిన వారంలోనే అది అల్లవరం వైపు కూడా వచ్చేసింది. ఏకంగా మా పిన్నిగారి పెరటి వెనకాలే దిగింది. మబ్బుల మీద పరుచుకున్న ఎర్రటి వెలుగును ఎవరో ఫోన్లో తీసి, కాస్త పచ్చరంగు కలిపి జనం మీదికి వదిలారు.

నిజానికి అది ప్రహరీ అవతల గ్యాస్ బావి మంట. ఏళ్ల తరబడి గొట్టం మీద మండుతోంది. వానమబ్బు కిందికి దిగితే ఆకాశమంతా ఎర్రబడుతుంది. ఆ వేడికి పిన్నిగారి కొబ్బరిచెట్లు పిందెలు రాలుస్తున్నాయి, ఆ హోరుకు ఆవిడకి కంటిమీద కునుకు లేదు. మంటను ఇంటికి దూరంగా జరపమని ఆవిడ ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఒక్క మహానుభావుడూ వచ్చి చూడలేదు.

ధ్రువజ్యోతి అనేసరికి మాత్రం ఆదివారం చీకటి పడకుండానే కార్లేసుకుని వచ్చారు. వాళ్లలో మండల నాయకుడొకాయన ఉన్నాడు. పిన్నిగారు చర్చికి కట్టుకెళ్లిన చీరతోనే అందరికీ మంచినీళ్లిచ్చి, ఆయన్ని ఎలాగైనా గోడ దాకా తీసుకెళ్లి ఆ మంట చూపించాలని చూస్తున్నారు. ఆయనేమో ఇక్కడ సిమెంటు బల్లలు వేయిస్తానంటున్నాడు.

అమలాపురం కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నోరు నాది, ఊరుకుంటుందా?

"సూర్యుడి నుంచి రేణువులు గాలిలా వస్తుంటాయండీ. భూమి చుట్టూ ఉన్న అయస్కాంతావరణం వాటిని అడ్డుకుంటుంది. ఆ తోపుడికి అది ఎదురువైపు నొక్కుకుపోయి, వెనకవైపు పొడుగ్గా తోకలా సాగుతుంది. ఆ తోకలో అయస్కాంత రేఖలు తెగి మళ్లీ అతుక్కున్నప్పుడు, రేణువులు వాటి వెంట జారి ధ్రువాల చుట్టూ వలయంలా దిగుతాయి. లడఖ్ వాళ్లు చూసింది దూరాన దాని పైఅంచే. మన దగ్గర ఆ రేఖలు నేలకి దాదాపు సమాంతరంగా పోతాయి, కిందికి దిగే దారే లేదు."

"ఆయ్!" అన్నాడు నాయకుడు. "అయితే మేస్టారూ, ఆ గీతల్ని ఇటు మళ్లించలేమంటారా? ఇక్కడ మన గన్నవరంలో వంతెన కట్టి గోదారి మీదుగా కాలవనే దాటించేరు కదండీ!"

నాకు ఒళ్లు మండిపోయింది.

"మళ్లించాల్సింది గీతల్ని కాదండీ, ఈ గ్యాస్ మంటని!"

"ఓస్, మన మంటేనా అండీ!" అని ఆయన కారెక్కాడు. ఆ వెనకే అందరూ వెళ్లిపోయారు.

పిన్నిగారు గోడ మీద గ్లాసులు ఏరుకుంటూ అన్నారు.

"ధ్రువం అనుకున్నంతసేపూ నిలబడ్డారు. మా పెరడని తెలిసేక ఒక్కళ్లూ ఆగలేదు. వచ్చే వానకి మళ్లీ ఎర్రబడుద్దిలే నాన్నా. అప్పుడు మాత్రం నువ్వు అమలాపురంలోనే ఉండు."