పంపినవారు: భద్రతా విభాగం

ఆ లిఫ్టుల కంపెనీలో భద్రతా విభాగం అంటే ఒక ఖాళీ కుర్చీ, తలుపు సరిగ్గా పడని ఒక బీరువా, ఒక ఉమ్మడి మెయిల్ పెట్టె. ఆ కుర్చీలో కూర్చునే పెద్దమనిషి రిటైరై రెండేళ్ళయింది. ఆయన వెళ్ళినా పెట్టె వెళ్ళలేదు. ఏటా ఆ పెట్టె పేరు మీద మూడు వందల పన్నెండు భవనాలకు ఒకటే ఉత్తరం పోయేది: "మీ లిఫ్టును మేము క్షుణ్ణంగా పరీక్షించాము. నిశ్చింతగా వాడుకోవచ్చు." ఆ "మేము" ఎవరని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ ఉత్తరాలు పంపే మనిషిని ఆఫీసులో టపా మేడం అనేవారు. యాభై మూడేళ్ళ ఆవిడ. టైపు మిషను రోజుల్లో చేరింది. మిషను పోయి కంప్యూటరు వచ్చింది, కవర్లు పోయి మెయిళ్ళు వచ్చాయి, ఆవిడ బల్ల మాత్రం జిరాక్సు యంత్రానికీ బాత్రూం తలుపుకీ మధ్య అలాగే ఉండిపోయింది. ఇంట్లో చూపు మందగించి కుట్టుపని మానేసిన భర్త. ఆ ఇల్లు నడిచేది ఆవిడ జీతం మీదే.

మొదట్లో ఆ ఉత్తరాలన్నీ ఒక్కొక్కటిగా పంపేది. నాలుగు రోజులు పట్టేది. తర్వాత మధ్యాహ్నం పూట క్యారేజీ పక్కన పెట్టుకుని, కంప్యూటర్లోని సహాయం పేజీలు చదివి, తనే ఒక చిన్న ప్రోగ్రాం రాసుకుంది. అది పట్టికలో ఒక్కో వరస తీసుకుంటుంది, భవనం పేరు ఉత్తరంలో చేరుస్తుంది, "పంపినవారు" అన్నచోట భద్రతా విభాగం అని పెట్టి పంపేస్తుంది. అది అంత తేలిగ్గా లొంగలేదు. ఉమ్మడి పెట్టె నుంచి వెళ్ళమంటే ఆవిడ సొంత అకౌంట్ నుంచి వెళ్ళేది. ఆ ఒక్క లైను సరిచేసేసరికి ఆరు రోజుల భోజనం చల్లారిపోయింది. చివరికి పదకొండు నిమిషాల్లో పనంతా అయిపోయేలా చేసింది. వార్షిక సమావేశంలో మేనేజరు లేచి "మేము ఆటోమేషన్ తెచ్చాం" అని ఛాతీ విరుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చుని ఆవిడా కొట్టింది.

ఈ ఏడు ప్రోగ్రాం మొరాయించింది. "ఈ పెట్టె తరఫున పంపే అనుమతి మీకు లేదు" అని తెర మీద ఎర్రక్షరాలు. కంప్యూటర్ విభాగానికి ఫోన్ చేసింది.

"ఇకమీదట ప్రతి ఉమ్మడి పెట్టెకీ ఒక బాధ్యుడు ఉండాలండీ. మీ దాంట్లో రిటైరైన ఆయన పేరే ఉంటే తీసేశాం. ఎవరో ఒక ఆఫీసరు 'దీనికి పూచీ నాది' అని ఒక్క ముక్క రాసిస్తే చాలు, ఐదు నిమిషాల్లో తెరిచేస్తాం" అన్నాడు అవతలాయన.

ఐదు నిమిషాల పనిట! ఆ ఒక్క ముక్క కోసం ఆవిడ ఐదు రోజులు తిరిగింది. నెల ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఒకటో తారీకుకి ఉత్తరం అందకపోతే లిఫ్టులు ఆపెయ్యాలని నిబంధన.

ముందు సర్వీసు సూపర్వైజరు దగ్గరికి వెళ్ళింది. ఏ లిఫ్టు ఎవరు చూశారో పట్టిక రాసేది అతనే. "నేను టెక్నికల్ మనిషిని మేడం, ఈ మెయిళ్ళ గొడవ నాకెందుకు?" అని హెల్మెట్ తగిలించుకుని, ఎక్కడికీ వెళ్ళవలసిన పని లేకపోయినా బయటికి వెళ్ళిపోయాడు. మేనేజరు "చూద్దాంలేమ్మా" అన్నాడు. మర్నాడూ చూద్దామన్నాడు. ఆ మర్నాడు ఆవిడ వస్తుంటే చూసి, మోగని ఫోను చెవికి పెట్టుకున్నాడు.

ఏళ్ళ తరబడి చప్పట్లు కొట్టించుకున్న ఉత్తరమే కదా, పేరు పెట్టమంటే వీళ్ళకి జ్వరం ఎందుకొస్తోంది? ఆవిడకి అనుమానం వచ్చి పట్టిక తెరిచింది. నిజం చెప్పాలంటే, ప్రోగ్రాం రాసిన నాటి నుంచి ఆ పట్టికను చదివింది ప్రోగ్రామే, ఆవిడ కాదు. "పరీక్షించినవారు" అన్న గడిలో నూట నలభై ఒక్క వరసల్లో ఒకే మెకానిక్ పేరు. అతను ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. అతని వీడ్కోలు సభ కబురు అందరికీ పంపింది ఈవిడే. మానేసిన ఐదు నెలలకి వచ్చి లిఫ్టులు చూసిపోయినట్టు అందులో తారీకులున్నాయి. ఎనభై ఎనిమిదో వరస ఆవిడ అక్క ఉండే భవనం.

"పాత పట్టికేనండీ, సంవత్సరం మార్చాం" అన్నాడు సూపర్వైజరు, దాచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా. "నలుగురు మెకానిక్కుల్లో ఇద్దరు మిగిలారు. వాళ్ళు మాత్రం ఎన్నని చూస్తారు? ఇన్నేళ్ళలో ఒక్క లిఫ్టయినా పడిందా?"

ఆవిడ పట్టిక అచ్చు తీసుకుని మేనేజరు బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని బోర్లా తిప్పి, దాని మీద టీ కప్పు పెట్టాడు.

"అంత పట్టింపు ఎందుకమ్మా? నీ అకౌంట్ నుంచే పంపెయ్యి. పేరుదేముంది?"

"అదే మాట నాకు రాసివ్వండి సార్."

గంటలో రాతపూర్వకంగా ఉత్తర్వు వచ్చింది: "మూడు వందల పన్నెండు ఉత్తరాలను మీ అకౌంట్ నుంచి పంపవలసినది." పంపినవారు: కార్యాలయం. కింద సంతకం కూడా కార్యాలయమే. పేరుదేముంది అన్న మహానుభావుడు తన పేరు మాత్రం చిల్లర పైస కన్నా జాగ్రత్తగా మూట కట్టుకున్నాడు. అది చదివాక ఆవిడకి కోపం రాలేదు, భయం వేసింది. రేపు ఏ లిఫ్టో జారితే దొరికేది ఎవరో తెలిసిపోయింది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళింది. అక్కకి మోకాళ్ళ నొప్పులు, ఇల్లు ఐదో అంతస్తు. లిఫ్టు రెండో అంతస్తు దగ్గర ఒక్కసారి జానెడు కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది. అద్దం పక్కన అతికించిన కాగితం మీద పోయినేటి ఉత్తరం. ఆవిడ పంపిందే.

"లిఫ్టు ఎన్నాళ్ళ నుంచి ఇలా కుదుపుతోందే అక్కా?"

"మూడు నెలలై ఉంటుంది. బావగారు మెట్లెక్కి వస్తారు, నా వల్ల ఎక్కడవుతుంది? అయినా మీ ఆఫీసు కాగితం అంటించి ఉందిగా. మా చెల్లెలు పంపిందేనని కింద వాళ్ళందరికీ చెప్పుకుంటూ ఉంటా" అంది అక్క, టీ చేతికిస్తూ.

ఆవిడకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. టీ తాగలేకపోయింది. దిగేటప్పుడు మెట్ల మీద దిగింది.

మర్నాడు పది గంటలకి ప్రోగ్రాం తెరిచి, "పంపినవారు" అన్నచోట తన పేరు రాసింది. ఈసారి పట్టికను రెండు ముక్కలు చేసింది. నిజంగా చూసిన నూట డెబ్బై ఒక్క భవనాలకి, చూసిన మెకానిక్ పేరుతో సహా, మామూలు ఉత్తరం. మిగతా నూట నలభై ఒకటికి వేరే: "మీ లిఫ్టును ఈ ఏడాది ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించేవరకు ఆపి ఉంచండి." కింద తన పూర్తి పేరు, టపా గుమాస్తా అన్న హోదా, బల్ల మీది ఫోను నంబరు. మీట మీద వేలు పెట్టేముందు ఇంట్లో భర్త గుర్తొచ్చాడు. అయినా నొక్కింది.

పదకొండో నిమిషం దాటేలోపే ఫోన్లు మొదలయ్యాయి. మేనేజరు గది తలుపు తోసుకుని ఊడిపడ్డాడు.

"ఎవర్నడిగి పంపావు? కంపెనీ కొంప ముంచావు కదా!"

"మీ పేరు ఎక్కడా పెట్టలేదు సార్, కంగారు పడకండి."

అంతమంది ముందు ఆయన మొహం చూడాలి. అరవడానికి తెరిచిన నోరు మూసుకోలేక, తెరిచి ఉంచలేక నానా యాతన పడ్డాడు.

అక్కేమీ మెచ్చుకోలేదు. "పన్నెండు రోజులు ఇంట్లో బందీనయ్యానే, మందులకి కూడా బావగారే దిగాల్సొస్తోంది" అని ఫోన్లో తిట్టిపోసింది. పక్క ఊళ్ళ నుంచి ఆరుగురు మెకానిక్కుల్ని తెప్పించి అన్నీ చూపించారు. తొమ్మిది లిఫ్టులకి బ్రేకులు మార్చాల్సి వచ్చింది, అందులో అక్క వాళ్ళది ఒకటి. ఆ మాట తెలిశాక అక్క తిట్టడం మానేసింది. ఏడ్చింది.

ఆఫీసులో కృతజ్ఞతా మూర్తులు వెంటనే పనిలోకి దిగారు. టపా మేడం ఉద్యోగం తీసేస్తూ ఉత్తర్వు తయారైంది. "కార్యాలయ క్రమశిక్షణను ఉల్లంఘించినందున మేము మిమ్మల్ని తొలగించుచున్నాము." బయటికి వెళ్ళే కాగితాలన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాలి కాబట్టి, మేనేజరు దాన్ని తెచ్చి ఆవిడ బల్ల మీదే పెట్టాడు. మొహం జిరాక్సు యంత్రం వైపు తిప్పుకున్నాడు.

ఆవిడ మొదటి నుంచి చివరిదాకా చదివింది. రెండుచోట్ల అచ్చుతప్పులు దిద్దింది. అడుగున ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి చూపించి, తన పెన్ను ఆయన చేతికిచ్చింది.

"ఇక్కడ సార్."

ఆయన ఆ ఖాళీని చూశాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "లోపల మాట్లాడి వస్తా" అని కాగితమూ పెన్నూ పట్టుకుని గదిలోకి వెళ్ళాడు.

ఏడు నెలలైంది. అదే బల్ల దగ్గర ఆవిడ ఇప్పుడు వేరే పెన్నుతో రాస్తోంది.